కన్వర్టరు మాట మానేసిన తొమ్మిది రోజులు

ఆ రోజుల్లో పెట్రోలు లేకుండా కారు నడుస్తుందంటే విశాఖపట్నంలో జనం ముందు నవ్వేవారు, ఆ తర్వాత వంగి కారు కిందకు చూసేవారు. రెండువేల దశకం సగానికి వచ్చిన సమయం అది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని మద్దిలపాలెం డిపో వెనకాల, ఎలక్ట్రిక్ కార్లు బాగుచేసే ఒక చిన్న షెడ్డులో సర్వీస్ ఇంజనీరుగా చేరాను. (ఇంజనీరు అన్నది నా కార్డు మీద మాత్రమే. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌ను అన్నం తినేటప్పుడు కూడా ఒళ్ళోంచి దించేవాణ్ణి కాదు కనుక షెడ్డులో నా పేరు 'పెట్టి బావ'.) ఆ లాప్‌టాప్‌ను కారుకు తగిలిస్తే రోగం తెర మీద అక్షరాల్లో కనిపించేది. ఆ అక్షరాలు చదవగలిగినవాడు ఊరంతటికీ నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఆ నమ్మకంతో నడక కూడా మారింది.

మాకున్న కొద్దిమంది కస్టమర్లలో లెక్కల మేడమ్ ఒకరు. గాజువాక దగ్గర జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. క్లచ్ తొక్కే పని లేని మా కారు వచ్చాకే ఆవిడ మొదటిసారి ఒక్కరే కాలేజీకి వెళ్ళగలిగారు. అలాంటి కారు ఒక సోమవారం పొద్దున్న ఎన్ఏడీ జంక్షన్ నడిమధ్యన ఆగిపోయింది. ట్రాఫిక్ కానిస్టేబుల్, ఇద్దరు ఆటోవాళ్ళు కలిసి పక్కకు తోశారట. షెడ్డుకు తెచ్చాక లాప్‌టాప్ తగిలించాను. కన్వర్టరు మాడ్యూల్ నుంచి సమాచారం రావడం లేదని చూపించింది.

పెద్ద బ్యాటరీల కరెంటును లైట్లకూ హారనుకూ సరిపడేంతగా తగ్గించి ఇచ్చే డబ్బా కన్వర్టరు. తాను సరిగ్గానే ఉన్నానని అది క్షణక్షణం రెండు సన్నని తీగల మీద కారు కంప్యూటరుకు కబురు పంపుతూ ఉండాలి. కబురు ఆగిందంటే కంప్యూటరు హడలిపోయి కారునే ఆపేస్తుంది. ఇదంతా మేడమ్‌కు వివరించి, "కన్వర్టరు పోయిందండి. బెంగుళూరు నుంచి కొత్తది తెప్పిస్తాను," అని తీర్పు చెప్పాను. మా మేస్త్రి పక్కనే చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాడు. అంతకుముందు ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేసినవాడు, ఈడుతో పని లేకుండా అందరినీ బావా అనేవాడు.

"ఏటి బావా, డబ్బా ఇప్పకుండానే పోనాదంతన్నావు?"

"తెర మీద కనిపిస్తోంది కదా."

"తెర సెప్పింది మాట రాటం నేదని. సచ్చిపోనాదని సెప్పలేదు గదా."

బోటు ఇంజన్లవాడికి ఎలక్ట్రానిక్స్ ఏం తెలుసునని చిరునవ్వు నవ్వాను. (ఆ చిరునవ్వు ఇప్పుడు ఎక్కడైనా ఫొటోలో కనబడితే చించేస్తాను.)

కొత్త కన్వర్టరు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మేడమ్ మా షెడ్డు ముందు నుంచే బస్టాపుకు వెళ్ళేవారు. చంకలో కర్ర, భుజాన సంచీ. బస్సు మెట్టు ఎత్తు కావడంతో ముందు కర్ర లోపల పెట్టి, కమ్మీ పట్టుకుని ఒళ్ళంతా పైకి లాక్కునేవారు. నేను లాప్‌టాప్‌లోకి తల దూర్చేవాణ్ణి. పదో రోజున కొత్త డబ్బా బిగించి, బీచ్ రోడ్డంతా తిప్పి, విజయగర్వంతో కారు అప్పగించాను. మర్నాడే కారు మళ్ళీ అదే జంక్షన్లో ఆగింది.

మేడమ్ ఆటోలో షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. కోపంగా ఏమీ అనలేదు. అందుకే నాకు భయం వేసింది. "బాబూ, ఈ కారు వెనక్కి ఇచ్చేద్దామనుకుంతన్నాను," అన్నారు. మా షెడ్డు ప్రొప్రైటరు మొహం పాలిపోయింది. ఆవిడే మళ్ళీ, "ఒక్క మాట అడగనా? ఇద్దరి మధ్య కబురు అందలేదంటే ఇద్దర్లో ఒకరు మూగయిపోయారనే ఎందుకనుకున్నావు? దారి తెగిపోయుండొచ్చు కదా," అన్నారు.

తెర చూడటం మొదటిసారి ఆపేసి మీటరు తీశాను. ఆ రెండు తీగల మధ్య అరవై ఓముల నిరోధం ఉండాలి. ఉంది. మేస్త్రిని డాష్‌బోర్డు కింద తీగల కట్టను కదపమన్నాను. అంకె ఒక్కసారి నూట ఇరవైకి ఎగిరింది. అంటే ఎక్కడో ఒక తీగ తెగి, గతుకు తగిలినప్పుడల్లా విడిపోతోంది. కట్టను వేళ్ళతో తడుముకుంటూ డ్రైవరు సీటు పక్కకు వెళ్ళాను. అక్కడ ఒక పొడుగు స్క్రూ, తీగను కోసేసి, మెరుస్తూ కనబడింది.

ఆ స్క్రూ నాది. కర్ర పెట్టుకోవడానికి ఒక క్లిప్పు కావాలని మేడమ్ అడిగితే నెల కిందట నేనే బిగించాను. పొట్టి స్క్రూ దొరక్క పొడుగుది వేసి, ఇది జన్మలో ఊడదండీ అని మాట కూడా ఇచ్చాను.

మేస్త్రి నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. "గమ్మున అతికించి టేపు సుట్టీ బావా," అని గొణిగాడు. "ఎవుడికి తెలుస్తాది?" తెలియదు, నిజమే. కానీ స్టూలు మీద ఆవిడ కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. బస్సు మెట్టు కళ్ళముందు కదిలింది. వెళ్ళి స్క్రూ అరచేతిలో చూపించాను. "కన్వర్టరు తప్పు కాదండి. తీగ తెగింది. తెంపింది నేను."

ఆవిడ స్క్రూ తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. "తొమ్మిది రోజులు బస్సెక్కేను బాబూ," అన్నారు. "కోపం వస్తంది. రానీ, సాయంత్రానికి తగ్గుతాది." స్క్రూ తిరిగి నా చేతిలో పెట్టి, "ఇప్పుడా క్లిప్పు పీకేత్తావేటి? పీకకు. నాకది బాగుంది. పొట్టి స్క్రూ వెయ్యి," అన్నారు. మేస్త్రి పకపకా నవ్వేశాడు. ప్రొప్రైటరు నవ్వలేదు కానీ, ఆ సాయంత్రం బెంగుళూరు కంపెనీకి రాసిన రిపోర్టులో 'సర్వీస్ ఇంజనీరు పొరపాటు' అని నా చేతే రాయించి, అడుగున సంతకం మాత్రం తాను పెట్టారు. కారు ఆ తర్వాత ఏళ్ళ తరబడి గాజువాక వెళ్ళొచ్చింది.

ఇప్పుడు రోడ్డు మీద ప్రతి మూడో స్కూటరూ చప్పుడు లేకుండా పోతోంది. కళ్ళజోడు లేకుండా నాకు మీటరు అంకె కనబడటం లేదు. కొత్తగా చేరిన కుర్ర ఇంజనీర్లు తెర చూసి అర నిమిషంలో తీర్పు చెబుతుంటే, నేను రెండు రోజులు అనుమానపడి, తీగలన్నీ తడిమి, అప్పుడు నోరు విప్పుతాను. అదే మంచి పద్ధతని నాకు తెలుసు. అయినా ఏమీ తెలియకుండానే అంత ధీమాగా నడిచిన ఆ ఇరవై రెండేళ్ళవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఆ నడక మాత్రం ఒక్కపూట అప్పు అడగాలనిపిస్తుంది.