పదకొండు ఒకట్లు

అంతర్వేది దగ్గర పల్లెపాలెంలో లోవలక్ష్మి వలలు బాగుచేస్తుంది. భర్త బుల్లబ్బాయి సముద్రం మీద వేటకు వెళతాడు. కొన్నేళ్ల కిందట ఆమె జారిపడి కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉంది. అప్పుడే కూతురు దేవిశ్రీ బ్యాంకు పరీక్షల పుస్తకంలో ఒక ప్రశ్న చూసింది: 11111 ప్రధాన సంఖ్యేనా? అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోనిదా అని. పదోతరగతి చదివిన లోవలక్ష్మి, 41తో పోతుందని ఆ మధ్యాహ్నమే తేల్చింది. ఏడు ఒకట్ల సంఖ్య 239తో పోతుందని తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఎనిమిది, తొమ్మిది, పది ఒకట్లు తేలిగ్గానే పోయాయి. తర్వాత పదకొండు ఒకట్లు పట్టుకుంది.

కాలు నయమైంది గానీ లెక్క తెమల్లేదు. రోజుకు నాలుగైదు ప్రధాన సంఖ్యలతో భాగించి శేషం రాసుకునేది.

"ఫోన్లో కొడితే సెకనులో చెప్పేస్తుందమ్మా," అంది దేవిశ్రీ.

"కొట్టకే. అది చెప్తే నాకేం తెలిసినట్టు?"

రెండేళ్లలో ఆరు నోటుపుస్తకాలు నిండాయి. ఇరవై నాలుగు వేలు దాటినా ఏదీ పోలేదు.

ఒక ఆదివారం, దేవిశ్రీకి కాలేజీలో లెక్కలు చెప్పిన సత్యకుమారి చేపల కోసం వచ్చి ఆ పుస్తకాలు తిరగేసింది.

"పదింట తొమ్మిది చెయ్యక్కర్లేదండి. పదకొండు ఒకట్లను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా, దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఏడు ఒకట్లకైతే పద్నాలుగుతో."

లోవలక్ష్మి 239ని పద్నాలుగుతో భాగించింది. ఒకటి మిగిలింది. మూడు రోజులు పుస్తకాలు ముట్టుకోలేదు. నాలుగో రోజున, చేసినవాటిలో ఆ నియమానికి సరిపడే రెండువందల అరవై దాకా ఏరి, ఎక్కడైనా తప్పు దొర్లిందేమోనని వాటిని మొదటినుంచీ రోజుకు పన్నెండు పదమూడు చొప్పున మళ్లీ చెయ్యడం మొదలుపెట్టింది.

పందొమ్మిదో రోజు 21649 దగ్గర శేషం సున్నా వచ్చింది. పాత పేజీలో శేషం వంద అని ఉంది. తీసివేతలో పక్క అంకె నుంచి తెచ్చుకున్న ఒకటిని తగ్గించలేదు. పేజీ మీద తేదీ చూసింది. తుఫానుకు బుల్లబ్బాయి పడవ ఒడ్డుకు రాని రోజు.

"నువ్వు రాని రోజు తప్పు చేశానయ్యా," అంది.

"వచ్చాను కదా. అప్పుడే దిద్దుకోవాల్సింది," అన్నాడు అతను, వల విదులుస్తూ.

ఆమె సత్యకుమారికి ఫోన్ చేసింది.

"21649తో పోయిందండి. భాగఫలం 513239 వచ్చింది. అది ఇంకా చీలదు. చీలితే, రెండు ముక్కల్లో చిన్నది ఏడువందల ఇరవై లోపే ఉండాలి, అది పదకొండు ఒకట్లనూ భాగించి నాకు ముందే తగిలేది."



"ఔనండి. ఆ లోపువన్నీ మీ పాత పుస్తకాల్లోనే అయిపోయాయి," అంది సత్యకుమారి.

లోవలక్ష్మి కళ్లు తుడుచుకుంది.

"పదమూడు ఒకట్లు 53తోనే పోయాయి. పదిహేడు ఒకట్లకి ముప్పై నాలుగుతోనేనాండి?" అని అడిగింది.