తాళం వేసిన గదిలోంచి పలికిన మాట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఆకుకూరలమ్మే ఎల్లమ్మ. తల మీది గంప కూడా దించకుండా, "అక్కా, నీ చివరి గదిలకెల్లి పొగొస్తుంది సూడు" అన్నది.

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ అనుకోలేదు. బడికి పోలేదు కానీ మా నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పిండు. పొద్దున్నే రామయ్యకు దీపం పెట్టి, రెండు పేజీలు చదువుకోనిదే పచ్చి మంచినీళ్లు తాగను. దేవుణ్ణి నమ్మినదానికి ఇంకోటి నమ్మే పనేముంది? అందుకే ఎవరినీ భయపెట్టడానికి ఇది రాయట్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మాది సత్తుపల్లి. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని పనులు మొదలయ్యాక కిరాయి గదులకు గిరాకీ పెరిగింది. మా అత్తమ్మ ఇంటి వెనక జాగాలో వరుసగా నాలుగు రేకుల గదులు వేయించింది. ఆమె చదువుకోలేదు కానీ అన్నిటికీ ముందుజాగ్రత్త ఎక్కువ. మీటరు కింద ఎప్పుడూ ఇసుక బకెట్టు ఉండాలి. మెయిన్ స్విచ్చికి ఎర్ర రంగు పూయించింది, ఎవరైనా ఉరికొచ్చి ఆపగలిగేటట్టు. ప్రతి గదికీ రెండో తాళంచెవి మా దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడేది. కిరాయికున్నోళ్ల తలుపు తియ్యాల్సి వస్తే ముందు పిలవాలి, పలకకపోతేనే తియ్యాలి. అది ఆమె పెట్టిన పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గేవి. మోటారు వేసే ముందు అత్తమ్మ తలుపుల ముందు నడుస్తూ "ఉన్నరా?" అని కేకేసేది. గదిలో ఒక్కరే ఉంటే "ఉన్న" అనాలి. ఇద్దరుగానీ ఎక్కువగానీ ఉంటే "ఉన్నం" అనాలి. దాన్నిబట్టి ఆ గదికి ఎన్ని బిందెల నీళ్లో లెక్క. ఒకసారి మూడో గది సైదులు ఒక్కడే ఉండి "ఉన్నం" అన్నడు. అత్తమ్మ ఊరుకుంటుందా? "ఒక్కడివే ఉండి ఉన్నం అంటవేందిరా, నీ కడుపుల ఇంకోడు పడుకున్నడా?" అన్నది. వరుస వరుసంతా నవ్విండ్రు.

ఆమె పోయినంక ఆ కేక నాకొచ్చింది.

చివరి గదిలో ముత్తమ్మ, ఆమె భర్త ఉండేవాళ్లు. భద్రాచలం అవతల అడవిలో వాళ్ల ఊరు. అతను లారీ మీద పని, తెల్లారకముందే పోయేవాడు. ముత్తమ్మ ఇంట్లో కోయ మాటే మాట్లాడేది, తెలుగు తక్కువ. మాతో మాట్లాడాలంటే నవ్వి తల దించుకునేది. కానీ పొద్దున నేను కేకేస్తే మాత్రం "ఉన్న" అని ఠక్కున పలికేది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అదేనని నేననుకునేదాన్ని.

ఆ వారం ముత్తమ్మ ఊరికి పోయింది. అక్కకు జ్వరమని చెప్పింది. గది తలుపుకు బయట తాళం. ఆ రోజు పొద్దున నేను ఆ తలుపు దగ్గర కేక కూడా వెయ్యలేదు, తాళం ఉంది గదా అని.

ఎల్లమ్మ చెప్పగానే మెయిన్ ఆపిన. తాళంచెవి తీసుకుని ఉరికిన. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న సైదులు లేచి ఇసుక బకెట్టుతో వచ్చిండు. రేకుల సందుల్లోంచి నల్లటి పొగ. గది ఖాళీగా ఉందనే మా ముగ్గురం అనుకున్నం. సామాన్లు కాలిపోతున్నాయనే బాధ తప్ప ఇంకోటి లేదు.

చెయ్యి తాళం మీద పెట్టి, అలవాటు కొద్దీ పిలిచిన. "ఉన్నరా?"

"ఉన్నం."

ముత్తమ్మ గొంతే. అరుపు కాదు, దగ్గు లేదు. నీళ్లకోసం పొద్దున పలికినట్టు మామూలుగా పలికింది.

తాళం తీసినా తలుపు సగమే తెరుచుకుంది. వెనకాలే ముత్తమ్మ పడి ఉంది. సైదులు, నేను ఆమెను బయటికి లాగినం. మంట కనిపించలేదు, పరుపు మాత్రం కుములుతోంది. ఫ్యాను వైరు కాలి దానిమీద పడినట్టుంది.

"ఇంక లోపట ఎవరు లేరు, పక్కకు రా అక్కా" అన్నడు సైదులు.

"ఇంకొకరున్నరు. ఉన్నం అన్నది."

"ఆ తల్లికి తెలుగే సక్కగ రాదు. ఏదో అని ఉంటది."

"ఆ ఒక్క మాట ఆమెకు సక్కగొచ్చు సైదులూ" అన్న.

అతను నా మొహం చూసిండు. తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకుని, వంగి లోపలికి పోయిండు. వచ్చేటప్పుడు చేతుల్లో తడి చీరె మూట ఉంది. అందులో చంటిపిల్ల. స్నానాల మూల, నీళ్ల డ్రమ్ము వెనక, నీళ్లు పోయే తూముకు మొహం ఆనించి పడుకోబెట్టి ఉందట. ఆ తూములోంచి వచ్చే గాలే దానికి ఊపిరైంది.

అక్క దవాఖానాలో పడితే ఆమె బిడ్డను తీసుకుని ముత్తమ్మ ఆ నడిరాత్రే వచ్చిందని తర్వాత తెలిసింది. ప్రయాణం చేసొచ్చి పడుకుంది గదా, లేపడం ఎందుకని భర్త బయట తాళం వేసి డ్యూటీకి పోయిండు. ఇక్కడ చాలామంది అట్లనే చేసేవాళ్లు.

పిల్ల బతికింది. ముత్తమ్మ దవాఖానాకు చేరేలోపే పోయింది.

డాక్టరమ్మకు నేను విన్నది చెప్పిన. ఆమె నెమ్మదిగా, "అంత పొగలో మీరు వచ్చేసరికి చాలాసేపటి కిందే స్పృహ పోయి ఉంటుందమ్మా, పలికే అవకాశం లేదు" అన్నది. ఆ రోజు తలుపు దగ్గర ఎల్లమ్మ నా పక్కనే నిలబడి ఉంది. "నువ్వు పిలిచింది విన్న. పలికింది మాత్రం నేను వినలే అక్కా" అన్నది. సైదులు అప్పుడు రేకుల సందుల్లోంచి ఇసుక చల్లుతున్నడు, అతనికీ వినపడలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి బియ్యం కడిగిన, అన్నం వండిన. చాలా రోజులు అట్లనే గడిచినై.

ముత్తమ్మ భర్త గది ఖాళీ చేస్తూ ఒకటే అడిగిండు. "ఆఖరికి ఏమన్నదమ్మా?" చెప్పిన. ఆ మాటను అతను నోట్లోనే రెండుసార్లు అనుకుని, చాప చుట్టుకుని పోయిండు.

గదులన్నిటికీ బయటి గొళ్లేలు తీయించి, లోపలినుంచి కూడా తీయగలిగే తాళాలు పెట్టించిన. లోపల మనిషి ఉంటే తాళం వెయ్యనని ఒప్పుకున్నోళ్లకే కిరాయికిస్తున్న. తాళం ఉన్నా లేకున్నా, ప్రతి తలుపు ముందూ ఆగి పిలుస్తున్న. ఒక బిడ్డను దక్కించినందుకు రామయ్యకు రోజూ దండం పెట్టుకుంటున్న. ఆ రోజు పలికింది ఎవరో మాత్రం ఆయన్ని అడగలేదు. అడిగినా నాకు అర్థమవుతుందని అనిపించదు.

చదివినవాళ్లను ఒకటే కోరుకుంటున్న. మీ ఇంటి బయటినుంచి ఎవరైనా పిలిస్తే, లోపలినుంచి "ఉన్నం" అని పలికేటప్పుడు ముత్తమ్మను ఒకసారి తలుచుకోండి.