మైనం అక్కయ్య ముక్కు

మా ల్యాబులో సీసాలకు చీటీలు ఉండేవి కావు. మైనం అక్కయ్య ఉండనిచ్చేది కాదు. "చీటీలు మతిమరుపు వాళ్ళకి. నాకు ముక్కుంది" అనేది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని ఒకటే. మనిషి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను మైనంలో గడ్డకట్టించి, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, గాజు పలక మీద పరచడం. తర్వాత ఆ పలకను వరుసగా సీసాల్లో ముంచి తీయాలి. ఏది స్పిరిట్టో, ఏది మైనాన్ని కరిగించే జైలీనో మూత తీసి ఒక్కసారి పీల్చి చెప్పేసేది. అలా పీల్చకూడదని గోడమీద కాగితం అంటించే ఉంది. దానికి అడ్డంగా ఆవిడ గొడుగు వేలాడేది.

ఆ ఏడు మా డాక్టరుగారు కరోనా వైరస్ ఒంట్లో ఎక్కడెక్కడికి వెళ్తుందో చూసే పని పెట్టుకున్నారు. వైరస్ ఉన్నచోట గోధుమరంగు తేలే మందు తెప్పించారు. ఊపిరితిత్తుల ముక్కల్లో రంగు తేలితే అక్కయ్య పట్టించుకోలేదు. పేగు ముక్కలో కూడా తేలేసరికి కోపం వచ్చింది. "జలుబు చేసేదానికి పేగుల్లో ఏం పనండీ?" అని డాక్టరుగారినే నిలదీసింది.

"దానికి సరిపడే తలుపు ఏ కణం మీద ఉంటే అందులో దూరుతుందమ్మా. ముక్కులో ఉంది, ఊపిరితిత్తుల్లో ఉంది, పేగుల్లోనూ ఉంది" అన్నారాయన.

"సిగ్గులేని చుట్టం" అని తేల్చేసింది అక్కయ్య.

ఆ చుట్టం ఆవిడనూ పలకరించింది. పది రోజులు జ్వరంతో సెలవు పెట్టి తిరిగొచ్చేసరికి బల్లమీద కొత్త ముక్క ఎదురుచూస్తోంది. కరోనాతో చనిపోయిన ఒక దాత ముక్కులో, వాసన పట్టే చోటు నుంచి తీసింది. గోరంత కూడా లేదు, ఐదు పలకలకు మించి రాదు. డాక్టరుగారు రోజుకు మూడుసార్లు వచ్చి "అయిందా?" అని అడుగుతున్నారు.

మొదటి రెండు పలకలూ పాలు పోసినట్టు తెల్లబడి పనికిరాకుండా పోయాయి. తడి పలకను స్పిరిట్‌లో ముంచకుండా తిన్నగా జైలీన్‌లో పెడితే అలా అవుతుంది. చేరిన మొదటి వారంలో నేను చేసిన తప్పది. దానికి అక్కయ్య నన్ను ఏడాది పాటు ఏడిపించింది. ఇప్పుడేమో కుళాయి నీళ్ళను తిట్టింది, గాజును తిట్టింది, చివరికి నావైపు చూసింది.

నాకు ఒళ్ళు మండింది, ఆ ముక్కు మీద అనుమానమూ వచ్చింది. ఒక కొత్త బుడ్డిలో మంచినీళ్ళు పోసి, "కొత్త సెంటు కొన్నాను, ఎలా ఉందక్కా?" అని చేతికిచ్చాను. ఆవిడ కళ్ళు మూసుకుని దీర్ఘంగా పీల్చింది.

"మల్లె. కాస్త ఘాటెక్కువ" అంది.

"ఉత్త నీళ్ళక్కా!" అని నేను పగలబడి నవ్వాను. ఆవిడ స్టూలు మీద కూలబడిపోయింది. "డాక్టరుగారితో అనకు. నన్ను తీసుకెళ్ళి రిజిస్టరు ముందు కూర్చోబెడతారు. ఈ చేతులకి ఇంకో పని రాదు" అంది. అంత నోరున్న మనిషి అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. నా వేళాకోళానికి నాకే సిగ్గేసింది.

ఇద్దరం కూర్చుని సీసాలకు చీటీలు అంటించాం. ఏది ఏదో నేను చెబుతుంటే ఆవిడ మూతి ముడుచుకుని రాసింది. మూడో పలక మళ్ళీ ఆవిడే చేసింది. అద్దంలా వచ్చింది.

డాక్టరుగారు మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, మమ్మల్నీ చూడమన్నారు. వాసన పట్టే నరాల కణాలు శుభ్రంగా ఉన్నాయి. వాటిని అంటిపెట్టుకుని సాకే కణాలకే గోధుమరంగు పట్టింది.

"అంటే నరాలు చావలేదా?" అక్కయ్య అడిగింది.

"ఇందులో చావలేదు. ఆ పక్క కణాలు మళ్ళీ పుట్టుకొస్తే చాలామందికి వాసన తిరిగొస్తుంది. అందరికీ వస్తుందని మాత్రం చెప్పలేం."

అక్కయ్య ఆయన వైపు తిరిగింది. "ముందు రెండు పలకలు పాడుచేసింది నేనేనండీ. నాకు వాసన తెలియట్లేదు. పక్కన కూర్చోబెడితే కూర్చోబెట్టండి."

"ఎన్నాళ్ళయింది?"

"పద్దెనిమిది రోజులు."

"నాకు నలభై రెండు" అంటూ ఆయన మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగారు. "మిగిలిన రెండూ మీరే చేయండి."