గడియ పెట్టిన వంటిల్లు

మా నాయినకు వంట వచ్చని నాకు పదహారేళ్ళప్పుడు, ఎల్బీనగర్ చౌరస్తాలో తెలిసింది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నాయిన సిటీ బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరూ వండుకుని తింటున్నారు. నాయిన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పెద్ద గుండిగలో బగారన్నానికి పోపు వేస్తున్నాడు. ఎసరు చాలుతుందా అని ఆడవాళ్ళు కూడా ఆయన్నే అడుగుతున్నారు.

"నీకు వంటెట్ల వచ్చు నాయినా?"

"పెండ్లికి ముందు మలక్‌పేటల కిరాయి రూముల ఆరుగురం ఉంటుంటిమి బిడ్డా. వండేది నేనే."

ఇంట్లో ఆయన చాయ్ పెట్టుకోవడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారమే అమ్మకు జ్వరం వచ్చింది. నాయిన ఇంట్లోనే ఉన్నాడు. అయినా అమ్మే గోడ పట్టుకుని లేచింది. నాయినను వండమందామన్నాను.

"సమ్మెల వండుడు వేరే, ఇంట్ల వండుడు వేరే."

నేను ఊరుకోక నాయినను వంటింట్లోకి లాక్కొచ్చాను. ఆయన ఉల్లిగడ్డలు చకచకా, సన్నగా తరుగుతుంటే నోరు తెరుచుకుని చూశాను.

అంతలో పక్కింటి అత్తయ్య తోడుకు పెరుగు అడగడానికి వచ్చింది. వాళ్ళది గుంటూరు. రాష్ట్రం మాట వస్తే అమ్మకూ ఆమెకూ క్షణం పడదు.

"అదేంటి వదినా, అన్నయ్యగారు వండుతున్నారు? నాకు చెబితే కూర పంపేదాన్ని కదా!"

అమ్మ ముఖం చిన్నబోయింది. అత్తయ్య వెళ్ళగానే అమ్మ నాయిన చేతిలోని కత్తి లాక్కుంది. "నలుగురు నన్నే అంటరు."

ఎప్పుడూ కొట్లాడుకునే ఆ ఇద్దరూ ఈ ఒక్క సంగతిలో ఎట్లా కలిశారా అని నాకు వింతగా ఉండింది. పోలీసులకు జంకని నాయిన వెంటనే చేతులు కడుక్కున్నాడు.

"ఎందుకు ఒప్పుకున్నవ్?" అని అడిగాను.

"మీ అమ్మనే వద్దంటుంది గద."

ఆయనకూ అదే హాయిగా ఉన్నట్టు తోచింది.

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గరే కళ్ళు తిరిగి కూలబడింది. అప్పుడు నాయిన తలుపుకు గడియ పెట్టి, కిటికీ మూసి టమాట కూర వండాడు. అమ్మ మంచంలోంచి, "పోపు వాసన బయటికి పోతుందా?" అని రెండుసార్లు అడిగింది. ఎవరు వండినా వాసన ఒకటే కదా, దేనికి భయమో నాకు అర్థం కాలేదు. ఉప్పు తక్కువైందంటూనే అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

సమ్మె ముగిశాక నాయిన డ్యూటీకి పోయాడు. మళ్ళీ వండలేదు. నేనూ అడగలేదు.