మిరప కల్లంలో దగ్గు

మా ఆవిడ దయ్యాల సినిమా పగలే చూస్తుంది. పొద్దుగూకాక చూస్తే ఆ దయ్యం తన వెనకాలే వంటింట్లోకి వస్తుందట. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీకి పాత దుప్పటి కట్టి, ఫ్యాను కింద చాప వేసుకుని, వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంటుంది. పక్కన కుర్చీలో నేను. మేం చూసేవి ఎక్కువగా పరాయి దేశాల సినిమాలు. తెర మీద వాళ్ళు ఏదో భాషలో మాట్లాడుతుంటారు, కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తుతుంటాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను చదివి, తెలుగు చేసి చెబుతాను. రిటైరైనప్పటి నుంచి మా ఇంట్లో తప్పకుండా జరిగే పని ఇది.

నేను పాల్వంచ థర్మల్ కేంద్రం కంట్రోల్ రూములో పనిచేసినవాణ్ణి. అక్కడ షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి అన్నీ వరసగా అప్పజెప్పాలి. ఏ మీటరు ఎంత చూపిస్తోంది, ఏ వాల్వు మొండికేస్తోంది, ఏ మోటారు చప్పుడు మారింది. ఒక్కటి మరిచినా వచ్చినవాడి మెడకు చుట్టుకుంటుంది. సినిమా కూడా నేను అలాగే అప్పజెబుతాను. "తలుపు చప్పుడు" అని కింద రాసి ఉంటే అదీ చెబుతాను.

"చప్పుడు నాకు ఇనబడ్తలేదా ఏంది?" అంటుంది.

అయినా చెబుతాను. వరస తప్పకూడదు.

అలా చూసిన వాటిలో ఒక మంచు దేశపు సినిమా ఉంది. సరస్సు ఒడ్డున ఒంటరి ఇల్లు, అందులో ముసలి మొగుడూ పెళ్ళాం. ప్రతి ఉదయం సరస్సు వైపు నుంచి ఎవరో నడిచి వచ్చిన అడుగులు మంచులో కనబడతాయి. సగం వాకిలి దాకా వచ్చి ఆగిపోతాయి. వెనక్కి వెళ్ళిన గుర్తులుండవు. మర్నాడు ఇంకొంచెం దగ్గరగా ఆగుతాయి. సినిమా మొత్తం అంతే. వచ్చేదెవరో ఒక్కసారి కూడా చూపించరు.

మా ఆవిడ చూసిన మంచు ఫ్రిజ్జు గోడకు పట్టేదే. అంత తెలుపును ఆమె కాసేపు అలాగే చూసి, "మా నాయన కల్లం లెక్కనే ఉంది" అంది.

వాళ్ళది మిరప సేద్యం. పండు కోసి కల్లంలో ఆరబోస్తే నేలంతా ఎర్రటి పరుపులా ఉండేదట. పిల్లలెవరైనా దాటితే ఆ ఎరుపులో గుంటలు పడేవి. సాయంత్రం వాళ్ళ నాయన వచ్చి, "ఎవతె తొక్కింది?" అని అక్కచెల్లెళ్ళిద్దరి కాళ్ళూ చూసేవాడట. ఈ సంగతి చెబుతూ చెబుతూ ఆమె వెల్లుల్లి ఒలవడం ఆపేసింది.

"గదే మా కల్లంల అయితే, మనిషి కనబడకున్నా దగ్గు ఇనబడ్తది. దయ్యమైతే ఏంది, ఎండుమిర్చిల నడిచి దగ్గకుండ పోతదా?"

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆమె దుప్పటి కట్టిన కిటికీ వైపు చూసి నవ్వడం మానేసింది. నా ఒళ్ళు కూడా జలదరించింది. ఆ మాట మా ఇద్దరిదీ అనుకున్నాను. అలా అనుకోవడంలోనే ఉంది తర్వాత జరిగిన దానికంతా మూలం.

కొంతకాలానికి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. మా ఆవిడ చెల్లెలి భర్త. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి పినపాక వైపు భూములు కొని స్థిరపడ్డారు. మిర్చి, పత్తి వేస్తాడు. మడత నలగని తెల్లచొక్కా వేసుకుంటాడు. ఏ పెళ్ళికి వెళ్ళినా పది నిమిషాల్లో జనం అతని చుట్టూ ఉంటారు. నేను ముందే వెళ్ళి కూర్చున్నా నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

"అన్నగారూ, మన కల్లంలో దయ్యం దిగిందండీ! సినిమా వాళ్ళొచ్చారు. ఏదో ఫారిన్ సినిమాకి రీమేకంట. మంచులో అడుగులంట."

"నేను చూశాను ఆ సినిమా. అసలుదే చూశాను" అన్నాను.

"అయ్యో, అయితే ఇక మీకు మజా ఏముంటుందండీ, కథ తెలిసిపోయాక" అన్నాడు.

షూటింగు జరిగినన్నాళ్ళూ గొడుగు కింద డైరెక్టరు పక్కన కుర్చీలో కూర్చున్న ఫోటోలు పంపుతూనే ఉన్నాడు. మా ఆవిడ ప్రతి ఫోటోనూ రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చూసింది. ఫోటోలో అతను చూపించే దిక్కుకు డైరెక్టరు చూస్తున్నట్టుండేది.

సినిమా విడుదలయ్యాక అందరం కలిసి మణుగూరులో మార్నింగ్ షోకు వెళ్ళాం. అక్కచెల్లెళ్ళు మధ్యలో, మేమిద్దరం చెరో పక్క. దీపాలు ఆరిపోయాయి. అలవాటు కొద్దీ నేను మా ఆవిడ చెవి దగ్గరికి వంగాను. తెర మీద వాళ్ళు తెలుగులోనే మాట్లాడుతున్నారు. చెప్పడానికేమీ లేదు.

కాసేపటికి ఉండబట్టలేక, "అసలు దాంట్ల ఇట్ల లేదు, ముసలాయన బతికే ఉంటడు" అన్నాను.

"జర ఊకో. నాకు అర్థమైతనే ఉంది."

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక దయ్యాల సినిమా ముందు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మనిషి మీద అసూయ నాకు కొత్త కాదు. ఆ రోజు నేను అసూయపడింది తెరలోంచి వస్తున్న గొంతుల మీద. నా పని వాళ్ళు చేస్తున్నారు, నాకంటే బాగా చేస్తున్నారు.

ఇక తప్పులు వెతకడం మొదలుపెట్టాను. దొరికాయి. అసలు సినిమాలో ఇల్లు రెండు గదులది, ఇక్కడ మేడ. అక్కడ వచ్చేదెవరో చెప్పరు, ఇక్కడ దొర చంపించిన ఆడపిల్ల, ఆమెకొక గతం, ఆ గతంలో ఒక పాట. అక్కడ భార్యాభర్తలు ఆ అడుగుల గురించి మాట్లాడుకోవడానికే భయపడతారు, ఇక్కడ నిమ్మకాయలు పట్టుకుని ఒక మంత్రగాడు వస్తాడు, అతని వెనక ప్రతిదానికీ కిందపడే హాస్యగాడు. జుట్టు విరబోసుకున్న దయ్యాన్ని విశ్రాంతికి ముందే చూపించేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వెళ్ళాక ఇవన్నీ ఆమెకు ఏ వరసలో చెప్పాలో మనసులో పేర్చుకుంటున్నాను.

అప్పుడు కల్లం వచ్చింది.

తెల్లవారుజాము. గోదావరి మీద పొగమంచు. నేలంతా ఎర్రగా మిర్చి. అరుగు మీద ముసలామె చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఎరుపులో అడుగుల గుంటలు ఒక్కొక్కటే ఆమె వైపు వచ్చి, మధ్యలో ఆగిపోయాయి. సంగీతం లేదు. మనిషి లేదు. అప్పుడు ఆ ఖాళీ కల్లంలో ఎవరో దగ్గారు. గట్టిగా కాదు. ఆపుకోలేక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గినట్టు.

హాలంతా మిర్చి పండించేవాళ్ళూ, మిర్చి కోతకు వెళ్ళేవాళ్ళూ. ఒక్కరు కదల్లేదు. సరిగ్గా అప్పుడే మా వెనక వరసలో ఎవరికో నిజంగా దగ్గు వచ్చింది. సగం హాలు కేక పెట్టి లేచింది.

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె నా వైపు చూస్తుందనుకున్నాను. చెల్లెలి చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళార్పకుండా తెరనే చూస్తోంది. ఆ పక్క నుంచి మా తోడల్లుడు ముందుకు వంగాడు.

"ఆ దగ్గు నేను చెప్పిందేనండీ. కల్లంలో అడుగులు పెట్టుకుందామన్నారు డైరెక్టరుగారు. నేనన్నాను, దగ్గు లేకపోతే మా వైపు ఒక్కడూ నమ్మడండీ అని."

అసలు సినిమాలో అంతటి సన్నివేశం లేదు. మంచు మూగది. ఈ మాట నాకు నేనే ఒప్పుకోవలసి రావడం అన్నిటికంటే ఎక్కువ మండింది.

మధ్యాహ్నం భోజనం వాళ్ళింట్లో. ఇరుగుపొరుగు రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. "ఏం దగ్గు సార్ అది! నా కడుపుల చెయ్యి పెట్టి దేవినట్టయింది" అన్నాడొకాయన.

"మిర్చి మనది, దయ్యం మనది, దగ్గు మనది. కెమెరా ఒక్కటే హైదరాబాదుది" అన్నాడు మా తోడల్లుడు.

నేను గొంతు సవరించుకున్నాను. "అసలు సినిమాల దయ్యాన్ని చూపించనే చూపించరు. మొదట ఏమైతదంటే..."

"బావా, ముందు పప్పుల నెయ్యేసుకో, చల్లారిపోతది" అంది మరదలు.

ఆ రైతు మర్యాదకు అడిగాడు. "తెల్వని భాషల సినిమా ఎట్ల చూస్తరు సార్?"

"నేను గూడ చూస్త గద. ఈయన చదివి చెప్తడు" అంది మా ఆవిడ.

చేతిలో ముద్ద అలాగే పట్టుకున్నాను. ఇప్పుడు చెబుతుంది. ఆ దగ్గు మా చాప మీద పుట్టిందని, మొదట విన్నవాణ్ణి నేనని చెబుతుంది.

"మంచిగనే చెప్తడు. గాలి కొడితే గాలి కొడ్తున్నదని గూడ చెప్తడు."

అందరూ నవ్వారు. మా తోడల్లుడు మరీ ఎక్కువ నవ్వాడు. పొలమారింది. అతని దగ్గు ఒక తీరుగా ఉంటుంది. రెండు పొడి దగ్గులు, వెంటనే గొంతులోంచి ఒక గురక. మిర్చి సీజనులో పట్టుకుని ఏడాదంతా వదలని దగ్గు. "ఇగో, దయ్యమొచ్చింది!" అని మళ్ళీ నవ్వులు.

బస్సులో మా ఆవిడ ఒళ్ళో వాళ్ళిచ్చిన ఎండుమిర్చి సంచి. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"ఏందయ్యా, మూతి గట్ల పెట్టినవ్?"

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఏం జెప్పాలె?"

"ఆ దగ్గు నీదని. నాకు జెప్పినవ్. మన ఇంట్ల."

"నీకే గాదు. చెల్లెకు గూడ జెప్పిన. ఆ పొద్దే." ఆమె సంచిని ఇటు నుంచి అటు మార్చుకుంది. "సినిమా అయినంక నువ్వు పండుకుంటవ్ గద. నేను దానికి ఫోన్ చేసి చెప్త."

"ఏం చెప్తవ్?"

"సినిమా."

"అన్ని సినిమాలా?"

"మరి? నువ్వు చెప్పింది కడుపుల పెట్టుకొని కూసోవాల్నా? దానికి ఆ పొలం కాడ ఒక్కదానికి తోచదాయె."

బస్సు పాల్వంచ చేరేలోపు నాకు తోడల్లుడి మీద అసూయ కొంత తగ్గి, మరదలి మీద మొదలైంది. నేను ఇన్నాళ్ళూ అప్పజెబుతూ వచ్చింది మా ఆవిడకనుకున్నాను. ఆమె తన షిఫ్టు దిగి ఇంకొకరికి అప్పజెబుతోంది, నేను గురక పెడుతుంటే.

ఇంటికి రాగానే ఆ మంచు సినిమా చూసిన నాటి డైరీ తీశాను. సినిమా ఏ దేశానిదో రాశాను. మధ్యలో కరెంటు పోయి వచ్చిందని రాశాను. పొద్దున దోసకాయ కూర అని రాశాను. ఆమె అన్న మాట లేదు. నాదని వాదించడానికి నేను కనీసం దాన్ని రాసుకోను కూడా లేదు.

తర్వాతి సినిమా నాలుగు రోజులకు చూశాం. ఒక పెద్ద భవనం, అందులో లేని అంతస్తు దగ్గర ఆగే లిఫ్టు. యథావిధిగా చదివి చెప్పాను. అయిపోయాక మంచం మీద గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి చాప మీద ఫోను మాట వినబడింది.

"చెల్లీ, తిన్నవా? ఇను మరి. ఒక ముసలామె ఉంటది. మన చిన్న మేనత్త లేదూ, అచ్చం గట్లనే నడుస్తది, కుడికాలు ఈడ్చుకుంట..."

కాలు ఈడుస్తుందా? నేను చూడలేదు.

"గోడకు గడియారం ఉంటదే. మొదలు చూపిచ్చినప్పుడే ఆగిపోయి ఉంటది. ఎవ్వరు దాని ముచ్చటే ఎత్తరు. నాకు అప్పుడే గుబులైంది."

గడియారమా?

నేను చెప్పిన మాటలేవీ ఆమె కథలో పెద్దగా లేవు. ఆ లిఫ్టు మా కాలనీ పక్క దవాఖానాలో లిఫ్టులా కిర్రుమంటోంది. ఆ ముసలామె కొంగు లేని మనిషైనా కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. వింటుంటే నాకు భయం వేసింది. చూస్తున్నప్పుడు వేయలేదు. చూస్తున్నంతసేపూ నా కళ్ళు తెర కింది అంచు మీదే ఉంటాయి. అక్కడ అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. అక్కడ పినపాక దగ్గర పొలంలో కూర్చున్న మరదలు నాకంటే ఎక్కువ సినిమాలు చూసింది.

లేచి కూర్చున్నాను. "నాకు గూడ చెప్పరాదూ."

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. "నువ్వు చూసినవ్ గద!"

"చదివిన. చూడలే."

"చెల్లీ, ఆగు, మీ బావ లేచిండు" అని స్పీకరు పెట్టి ఫోను చాప మీద ఉంచింది. నేను కుర్చీ జోలికి పోకుండా చాప మీదే కూర్చున్నాను.

"లిఫ్టు ఆగిందా. తలుపు తెరుచుకున్నదా." గొంతు తగ్గించింది. "లోపల ఎవ్వరు లేరు."

ఇక్కడా అక్కడా ఎవరం మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో ఫోనులోంచి ఒక దగ్గు వచ్చింది. రెండు పొడి దగ్గులు, ఒక గురక.

మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "ఎవరే అది?"

"ఇంకెవరక్కా, మీ మరిది. నువ్వు సినిమా చెప్పినప్పుడల్లా నిద్రపోయినట్టు పండుకొని ఇంటనే ఉంటడు."

దూరం నుంచి అతని గొంతు. "ఆపకండి వదినగారూ! లోపల ఎవరూ లేరా, ఆ తర్వాత?"

మా ఇంట్లో, నా మంచం పక్కనే, ఆమె చెప్పిన సినిమాలన్నీ నాకంటే ముందు అతను విన్నాడన్నమాట. చాప మీద ఫోనుకు ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాను.