రెండో గట్టు మీద జెండా

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి, రెండెనిమిదులు పదహారు, అంటే ఇంజినీరింగు చదివినవాడితో సమానమని మా ఇంట్లో అందరికీ చెప్పుకుంటూ ఉంటాను. ఎవరూ కాదన్లేదు, ఎవరూ నమ్మనూ లేదు. అయినా కంప్యూటరు మొరాయిస్తే పిలుపు మాత్రం నాకే వస్తుంది. ఒకప్పుడు అద్దంకి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడిపినవాణ్ణన్న పాత పరువు ఇంకా కాస్త మిగిలివుంది. మొన్నీమధ్య ఒంగోలులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు అల్లుడు కూడా అందుకే పిలిచాడు. ఆయనకి ఆఫీసు నుంచి రాగానే విమానం నడిపే అలవాటు ఒకటుంది, కంప్యూటర్లోనే లెండి. రన్‌వే, మబ్బులు, మీటలు అన్నీ నిజం విమానంలో లాగే ఉంటాయట. ఆ రోజు విమానం గాల్లో ఆగి ఆగి, మన ఊరి బస్సు గతుకుల్లో పోయినట్టు పోతోంది. "మావయ్యగారూ, వెనకాల ఏవో నడుస్తున్నట్టున్నాయి, ఏవి ఆపాలో కాస్త చూస్తారా" అన్నాడు.

వెనకాల నడవటమంటే ఏమిటో మన వయసు వాళ్లకి ఒక మాట చెప్పాలి. కంప్యూటరులో మనకి కనపడే పని ఒకటే అయినా, మనం పిలవకుండా వచ్చి లోపల కూర్చున్న పనులు బోలెడుంటాయి, పెళ్లింట్లో పీటల మీద ఇద్దరే ఉన్నా పెరట్లో ఊరంతా తిరుగుతున్నట్టు. అక్కర్లేనివాటిని ఒక్కొక్కటే ఆపేస్తే ఆ బలమంతా విమానానికి వస్తుంది, బొమ్మ సాఫీగా కదులుతుంది. ఈ విద్య నాకు బాగా వచ్చు. మూడు మీటలు కలిపి నొక్కి వాటి పేర్లన్నీ తెరమీదికి తెప్పించాను, ఒకదాని దగ్గరికి బాణం గుర్తు తీసుకుపోయాను, అక్కడ నా వేలు ఆగిపోయింది. అల్లుడు ఏమిటన్నట్టు చూశాడు. కళ్లజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను గానీ, నిజానికి నాకు మా బాబాయి గుర్తొచ్చాడు.

ఆ రోజుల్లో మా సెంటరంటే నాలుగు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు, ఒక ప్రింటరు, గాలి కంటే చప్పుడు ఎక్కువ ఇచ్చే ఒక ఫ్యాను. ఒక పక్క పురుగుమందుల కొట్టు, ఇంకో పక్క కారం మర. మిర్చి రోజుల్లో మర ఆడుతుంటే లోపలున్నవాళ్లంతా వరసపెట్టి తుమ్మేవాళ్లు. పరీక్ష ఫలితాలు చూసుకోడానికి వచ్చిన పిల్లలు తప్పినందుకు ఏడుస్తున్నారో, కారానికి ఏడుస్తున్నారో తేలేది కాదు. మూలనున్న కంప్యూటర్లో ఎవరో కాలేజీ పిల్లలు ఎక్కించిన విమానం ఆట ఉండేది, దాన్ని తిప్పడానికి గేరు రాడ్డులాంటి జాయ్‌స్టిక్ ఒకటి నేనే గుంటూరు నుంచి తెచ్చి పెట్టాను.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు, దర్శి వైపు మా సొంత ఊళ్లోనే ఉండేవాడు. ఆయనకి రెండు కళ్లలోనూ నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అంటారు. ముందు పక్కలు కనపడటం పోయింది, తర్వాత కాళ్ల దగ్గరిది పోయింది, చివరికి గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఇంత మేర మాత్రం మిగిలింది. పోయిన చూపు రాదనీ, ఉన్నది కూడా ఎక్కువకాలం నిలవదనీ గుంటూరులో డాక్టరు చెప్పేశాడు. కంట్లో వేసుకునే చుక్కల మందు కోసం అద్దంకి వచ్చినప్పుడల్లా తిరుగు బస్సు దాకా నా దగ్గరే కూర్చునేవాడు. ఒకనాడు ఎవరో విమానాన్ని బాగా కిందికి దించి పొలాల మీద తిప్పుతుంటే, బాబాయి తల పక్కకి వంచి ఆ చప్పుడు విన్నాడు, తడుముకుంటూ లేచి వచ్చి ఆ పిల్లవాడి భుజం మీదుగా తెరలోకి చూశాడు, చూస్తూ అలాగే నిలబడిపోయాడు. ఆయన బస్సు వచ్చి వెళ్లిపోయింది.

అలా ఎందుకు చూశాడో తెలియాలంటే ఇంకా వెనక్కి పోవాలి. పత్తికి తెల్లదోమ పట్టి, ఎంత మందు కొట్టినా చావని కాలంలో, మా వైపు కొన్ని ఊళ్లకి మందు చల్లే చిన్న విమానం వచ్చేది. ముందురోజు టముకు వేసేవాడు వీధివీధీ తిరిగి, బావుల మీద మూతలు వేసుకోమనీ, గొడ్లని దూరం తోలుకుపొమ్మనీ, పొలంలో మనిషన్నవాడు కనపడకూడదనీ చెప్పేవాడు. అందరూ పోయాక ఇద్దరు మాత్రం ఉండాలి. మందు ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో పైలట్‌కి తెలియడానికి, చేను ఈ గట్టున ఒకరు, ఆ గట్టున ఒకరు, వెదురు గడకి తెల్లగుడ్డ కట్టుకుని నిలబడాలి. విమానం ఒకసారి పోగానే ఇద్దరూ కొంచెం పక్కకి నడిచి మళ్లీ నిలబడాలి. రైతులు ఆ పనికి పోయేవాళ్లు కాదు, కూలికి మా పేటవాళ్లే పోయేవాళ్లు. పడమటి గట్టున మా బాబాయి, తూర్పు గట్టున మా పిన్ని. చర్చికి కట్టుకునే తెల్లచీర ఒకటి పాతబడితే పిన్నే దాన్ని చింపి రెండు జెండాలు కుట్టింది.

విమానం నెత్తి మీదుగా పోగానే కండువాతో ముక్కూ నోరూ మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మంచులాంటి ఆ మందు కిందికి దిగేదాకా కదలకుండా నిలబడాలి. దిగాక కళ్లు తెరిచి, అవతలి గట్టు మీద జెండా ఉందో లేదో బాబాయి చూసుకునేవాడు. ఉంటే తన జెండా ఒకసారి అటూ ఇటూ ఊపేవాడు, అటునుంచి పిన్ని ఊపేది. మేం పిల్లలం ఊరి చివరి ఇళ్ల కిటికీల్లోంచి చూసేవాళ్లం. ఒక్కోసారి ఆ మంచు ఎంతకీ దిగేది కాదు. దాని వెనక ఇంకా మనుషులున్నారా అనిపించేది. తర్వాత కొన్నేళ్లకే పిన్ని ఆయాసంతో పోయింది.

"ఒరేయ్, దీంతో మన పత్తి చేల మీద తిరగొచ్చా?" అని అడిగాడు బాబాయి ఆ రోజు, కాలేజీ పిల్లలు వెళ్లిపోయాక.

"తిరగొచ్చు గానీ నీకు సైకిలే రాదుగా బాబాయ్" అన్నాను.

"నవ్వులాటకి కాదురా. ఆ పైలట్‌కి మేమిద్దరం ఒకేసారి కనపడేవాళ్లం. నాకెప్పుడూ మంచు దిగినాకే మీ పిన్ని కనపడేది. ఈ కాస్త చూపూ పోయేలోపు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నేను ఒక్కసారి పోయి చూడాల."

ఆ రాత్రి సెంటరు మూశాక మూల కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఆ ఆటకి మద్రాసు తెలుసు, సముద్రం తెలుసు, మా ఊరు తెలియదు. మద్రాసులో ఎగిరి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, సింగరాయకొండ ఇక్కడ ఉండాలి, ఒంగోలు ఇక్కడ ఉండాలి అని అంచనా వేసుకుంటూ వచ్చి, సన్నటి నీలి గీతలా కనపడ్డ గుండ్లకమ్మను పట్టుకుని లోపలికి తిరిగి, మా పొలాలు ఉండాల్సిన చోట ఆట ఆపి, మళ్లీ అక్కడినుంచే మొదలయ్యేలా దాచిపెట్టాను. నాకు కింద కనపడింది పచ్చరంగు, మట్టిరంగు గళ్లదుప్పటి, అంతే. బాబాయి మాత్రం తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని, ఇదుగో డొంక, ఇదుగో వాగు, అదుగో చేను అని వేలు పెట్టి చూపించేవాడు. వచ్చిన ప్రతిసారీ అవే చోట్ల వేలు పెట్టేవాడు, జానెడు కూడా తేడా రాలేదు. కొన్నాళ్లకి నాకూ అక్కడ డొంక కనపడటం మొదలైంది.

చిక్కల్లా బొమ్మ సాఫీగా కదలకపోవటంతో వచ్చింది. కాస్త పోయి ఆగేది, ఆగి దూకేది, దూకినప్పుడల్లా బాబాయి చూస్తున్నది ఆ గొట్టంలోంచి జారిపోయేది; మళ్లీ వెతుక్కునేలోపు చేను దాటిపోయేది. "మధ్యలో ఎవరో అడ్డం తిరుగుతున్నార్రా" అనేవాడు. ఒకసారి నేనిచ్చిన టీ గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకున్నాడు. ఇక ఆలస్యం చేయకూడదని ఆ వెనకాల నడిచేవాటి మీద పడ్డాను. నా చదువుకి అవేమిటో ఎవరు చెబుతారు, ఒక్కోదాన్ని ఆపి ఏమవుతుందో చూసి నేర్చుకున్నాను. ప్రింటింగు చూసుకునేదాన్ని ఆపి మర్చిపోయి, మర్నాడు హాల్ టికెట్ల కోసం వచ్చిన పిల్లల ఎదుట ప్రింటరు విప్పి, ఊది, తట్టి, దానికి దిష్టి తీయడమొక్కటే తక్కువగా తంటాలు పడ్డాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, బాబాయి ఆ ఇస్త్రీ చొక్కాతోనే బస్సెక్కి వచ్చాడు. బజారు మూసివుంది, మర ఆగివుంది, మందుల కొట్టు షట్టరు దించివుంది. పట్టపగలు ఎండ తప్ప రోడ్డు మీద ఏమీ లేదు. నేను ఒక్కొక్కదాన్నే ఆపటం మొదలుపెట్టాను. వైరస్ రాకుండా కాపలా కాసేది, ప్రింటింగుది, కొత్తవి ఏవో వచ్చాయని ఊరికే పిలిచేది, మెసేజీలది. ఆపినకొద్దీ తెర మూలనుండే చిన్న చిన్న గుర్తులు ఒకటొకటిగా ఆరిపోతూ వచ్చాయి, పెట్టె లోపలి గరగర తగ్గుతూ వచ్చింది.

"ఇప్పుడెట్లా ఉంది?"

"మేలే. ఇంకా ఒకళ్లున్నార్రా."

ఇంకోటి ఆపాను.

"ఇప్పుడు?"

"ఉన్నారు."

పేరు చూసి ఏమిటో అర్థంకానివాటి మీద కూడా చెయ్యి వేశాను. ఒకటి ఆపగానే స్పీకర్లలో విమానం చప్పుడు తెగిపోయింది. ఇంకోటి ఆపగానే తెర అడుగున ఉండే పట్టీ, దానిమీది గడియారంతో సహా మాయమైంది. ఆట మూశాక తిరిగి కంప్యూటర్లోకి వచ్చే దారి నా చేత్తో నేనే తీసేశానన్నమాట. విమానం మాత్రం నడుస్తూనే ఉంది, చప్పుడు లేకుండా, ఒక్క కుదుపు లేకుండా.

"ఇప్పుడు ఎవరూ లేరు" అన్నాడు బాబాయి, జాయ్‌స్టిక్ తన చేతిలోకి తీసుకుంటూ.

పడమటి నుంచి తూర్పుకి తిప్పి, నేను చెప్పకుండానే కిందికి దించాడు. ఆయన గట్టు అని చూపించే చోటు తెర మధ్యకి వచ్చింది. అప్పుడు జాయ్‌స్టిక్ వదిలేసి, రెండు చేతులతో కండువా లాగి ముక్కూ నోరూ మూసుకున్నాడు. కళ్లు మాత్రం మూయలేదు. ఎవరూ పట్టుకోకపోతే ఆ విమానం కుడిపక్కకి ఒరిగి నేలలో కూరుకుపోవటం మామూలు, అది నేను వందలసార్లు చూసినవాణ్ణి. ఆ రోజు ఒరగలేదు. తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయింది. తెరలో దూరాన, చేను అవతలి చివర, తెల్లగా చుక్కంత ఏదో కనపడింది. దుమ్మేమోనని చొక్కా అంచుతో తుడిచాను, పోలేదు. తెర మీది దుమ్మయితే విమానం దగ్గరికి పోయినకొద్దీ పెద్దది కాకూడదు. అది పెద్దదవుతూ వచ్చింది. దాని కింద గడలాంటి సన్నటి గీత ఒకటి తేలేసరికి నేను తల తిప్పేసుకున్నాను. తిప్పితే బాబాయి కనపడ్డాడు. ఆయన కుడిచెయ్యి కండువా వదిలి, పిడికిలి బిగించి, ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఊగి, పైనే ఆగి, దేనికోసమో ఎదురుచూసి, నెమ్మదిగా దిగింది. మళ్లీ తెరవైపు చూస్తే చేను దాటిపోయింది, కింద గళ్లదుప్పటి ఉంది.

ఆట మూసేస్తే వట్టి నీలం తెర మిగిలింది, బాణం గుర్తు ఒక్కటే దాని మీద దిక్కులేకుండా తిరిగింది. చివరికి ప్లగ్గు పీకాను. మర్నాడు స్విచ్ వేస్తే ఆపినవన్నీ ఏమీ ఎరగనట్టు వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. తర్వాత నేనొక్కణ్ణే చాలాసార్లు ఆ చోటు తెరిచి, అవే ఆపి, జాయ్‌స్టిక్ వదిలి చూశాను. విమానం ప్రతిసారీ కుడికే ఒరిగింది. తెల్లదేమీ కనపడలేదు.

ఆ ఏడు మిర్చి కళ్లాల్లోకి రాకముందే బాబాయికి మిగిలిన చూపూ పోయింది. ఆ తర్వాత ఆయన మళ్లీ నా కంప్యూటరు ముందు కూర్చోలేదు, కూర్చోబెట్టమని అడగనూ లేదు. గోడకి ఆనుకుని, పనంతా అయిపోయినవాడిలా నిమ్మళంగా బతికాడు. ఇప్పుడు ఆయనా లేడు, సెంటరూ లేదు, అందులో ఫోన్ల కొట్టు పెట్టారు. అల్లుడి విమానం గళ్లదుప్పటి మీద ఎగరదు, ఆకాశం నుంచి తీసిన నిజం ఫోటోల మీద ఎగురుతుంది. మా ఊరు చూపించమంటే చూపించాడు. చర్చి శిలువ నీడ కనపడింది, కళ్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు కనపడ్డాయి, ఆ పత్తి చేను ఉన్నచోట మిర్చి కోల్డు స్టోరేజీ రేకులు ఎండకి మెరుస్తున్నాయి. ఉన్నదంతా అంత స్పష్టంగా కనపడుతున్నాక, లేనివాళ్లు నిలబడటానికి గట్టంత చోటు కూడా మిగల్లేదు. ఒకటో రెండో ఆపి, మిగతావి ఉండనీ బాబూ, కాస్త కుదుపుంటే ఉండనీ అన్నాను. మావయ్యగారు విద్య మర్చిపోయారని అల్లుడు అనుకునివుంటాడు.

ఆ ఆదివారం బాబాయిని చెయ్యి పట్టుకుని బస్టాండుకి నడిపిస్తూ, నా భయం ఆయనకి తెలియకూడదని వేళాకోళం మొదలెట్టాను. ఏం బాబాయ్, అది ఎవరో దేశంకాని దేశంలో గీసిన రంగుబొమ్మ, అందులోకి మా పిన్ని ఎట్లా వచ్చిందయ్యా, నేను అందర్నీ పంపించేశాను గదా అన్నాను. ఆయన బస్సు మెట్టు కోసం కాలితో వెతుక్కుంటూ, నావైపు తిరగకుండానే అన్నాడు:

"అందర్నీ పొమ్మంటే పోతార్రా. జెండా పట్టుకున్నోళ్లు పోరు."