కొవ్వు గడ్డలు, నర్సమ్మ పిన్ని కబుర్లు

మొన్న ఆదివారం పొద్దున్న మా ఆయన వీపుకి నువ్వుల నూనె రాస్తుంటే, కుడి భుజానికి కాస్త కింద నా బొటనవేలికి ఏదో తగిలింది. ఉసిరికాయంత ఉంది. మెత్తగా ఉంది. నొక్కితే చర్మం కింద పక్కకి జారి, వేలు తీయగానే మళ్ళీ తన చోటికి వచ్చేసింది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. పోర్టులో అంతెత్తు క్రేన్ మీద కూర్చుని కంటైనర్లు దించే మనిషి, ఆ నవ్వుకి హడలిపోయారు. "ఏటే, ఏటుందక్కడ? నవ్వుతన్నావేటి?" అన్నారు. కొవ్వు గడ్డలా ఉందని చెప్పినా నమ్మలేదు. మర్నాడు మధురవాడలో నేను పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సర్జను గారు చూసి, ఇబ్బంది పెట్టనంతవరకు దాని జోలికి వెళ్ళక్కర్లేదు, పెరిగితే మాత్రం చూపించమన్నారు. ఇప్పుడు దాన్ని స్నేహితులకి "బావా, ఇటు సూడు" అంటూ చూపించుకుంటున్నారు. నాకు మాత్రం నూనె వేళ్ళ కింద జారిన ఆ మెత్తదనం రోజంతా వదల్లేదు. ఆ స్పర్శని నాకు మొదటిసారి పరిచయం చేసిన మనిషి గుర్తొస్తూనే ఉంది.

ఆవిడ పేరు అప్పలనరసమ్మ. అందరూ నర్సమ్మ అనేవారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరుకి ముద్దుపేరో, చేసే ఉద్యోగమో వచ్చేవాళ్ళలో సగం మందికి తెలియదు. గాజువాకలో, ఇనుప సామాన్ల షాపు పైన, ఒక సర్జను గారి చిన్న క్లినిక్ ఉండేది. అక్కడ ఆవిడ పాతికేళ్ళుగా ఆపరేషన్ గది నర్సు. మత్తిచ్చి నిద్రపుచ్చే పెద్ద ఆపరేషన్లు అక్కడ చేసేవారు కాదు. గడ్డలు, చీము పొక్కులు, కాలి ఆనెలు, అంతే. మనిషి మెలకువగా ఉండగానే, కోసే చోట మాత్రం తిమ్మిరెక్కించి చేసే పనులు. కింద షాపులో ఇనుప ఊచలు ధన్‌మని పడినప్పుడల్లా బల్ల మీదున్న మనిషి ఉలిక్కిపడేవాడు. "అది నీది కాదు నాయనా, కింద షాపుది," అనేది నర్సమ్మ.

నేను నర్సింగు పూర్తిచేసి విజయనగరం పక్క పల్లెటూరి నుంచి నేరుగా ఆ క్లినిక్‌కి వచ్చాను. ట్రేలో ఏ పరికరం ఎక్కడుండాలో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. కానీ కొత్త మనిషి ఎదురుగా కూర్చుంటే నోరు పెగిలేది కాదు. మొదటిరోజు నర్సమ్మతో "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. అదీ గొణుగుతూ.

"మేడమేటే గుంటా! పిన్నీ అను. ఏదీ, సెయ్యిటియ్యి." నా చేతులు పట్టుకుని, "ఓలమ్మ, ఐసు ముక్కల నాగున్నాయి. బయంతో వచ్చినోళ్ళని ఈ సేతుల్తో ముట్టుకుంతావేటి? రుద్దుకో ముందు," అంది. నేను అరచేతులు రుద్దుకునేదాకా నిలబడింది. తర్వాత అటు తిరిగి, జాకెట్టు మెడ కాస్త కిందకి లాగి, "ఇదిగో, నా పాఠం పుస్తకం. పట్టుకు సూడు," అంది.

మెడ కింద, వీపు మొదట్లో నిమ్మకాయంత గడ్డ! నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నీకన్నా ముందొచ్చిన పిల్లలందరూ దీని మీదే నేర్సుకున్నారు. పట్టుకోవే," అని కసిరింది. పట్టుకున్నాను. వేళ్ళ కింద మెత్తగా జారింది. "నొప్పి నేదు. ఇరవై ఏళ్ళనించీ ఉంది, మెల్లగా పెరిగింది. ఇలాటిది సాదారణంగా కొవ్వు. గట్టిగా ఉండి, కదలకుండా ఉండి, నెలనెలకీ పెరుగుతుంతే మాత్రం నీ మొహం మీద ఏటీ కనపడనీకు. నవ్వకు, బయపడకు. బేగెల్లి డాక్టరు గారికి సెప్పు. ఇది కొవ్వే అని తేల్చేది ఆయన. మన సెయ్యి కాదు." ఆ వయసులో నాకు ఆ చివరి మాట అంత పెద్దదిగా అనిపించలేదు. ఆరు నెలల తర్వాత ఒక పెద్దాయన తొడలో గడ్డతో వచ్చాడు. పిన్ని చెయ్యి వేసింది, ఊళ్ళో వానల గురించి అడుగుతూనే లేచి లోపలికెళ్ళింది. స్కానింగు, సూదితో ముక్క తీసి పరీక్ష, పెద్దాసుపత్రి అన్నీ ఆ వారంలోనే జరిగిపోయాయి. మరుసటి ఏడాది ఆయన మా మెట్లు తనంతట తానే ఎక్కి వచ్చి, పిన్ని చేతిలో అరటిపళ్ళ గెల పెట్టి వెళ్ళాడు.

అయితే మా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామందివి మామూలు కొవ్వు గడ్డలే. వాటితోపాటు వాళ్ళు మోసుకొచ్చే భయమే వాటికంటే పెద్దదిగా ఉండేది. అలా వచ్చినవాడే ఎర్రయ్య. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపే డ్రైవరు. నల్లగా, తలుపంత వెడల్పున ఉండేవాడు. ఎడమ భుజం మీద గడ్డ, సరిగ్గా వల తాడు ఒరుసుకునే చోట. వెంట భార్య బంగారమ్మ వచ్చింది. నిజానికి ఆవిడే లాక్కొచ్చింది.

"ఆర్నెల్లనించి బనీను తియ్యడు బాబూ," అంది డాక్టరు గారితో. "తానానికెల్లినా బనీనే. ఎవతి పేరో పచ్చబొట్టు పొడిపించుకున్నాడనుకున్నాను. నిన్న వెనకనించెల్లి లాగీసినాను. సూత్తే ఇది!"

ఎర్రయ్య తల వంచుకున్నాడు. "కేన్సరేమో అనుకున్నాను బాబూ. సెప్తే ఇది ఏడుత్తాదని..."

"ఏడుత్తానా? పచ్చబొట్టు కాదని తెలిసి నవ్వినాను!" అంది బంగారమ్మ. ఆ మాటకి గదిలో అందరం నవ్వాం, ఎర్రయ్య తప్ప.

డాక్టరు గారు చేత్తో పరీక్షించారు, స్కానింగు చూశారు. తర్వాత కుర్చీ దగ్గరకి లాక్కుని తీరిగ్గా చెప్పారు. "ఎర్రయ్యా, ఇది కేన్సరు కాదు. కొవ్వు ఒక సన్నటి పొరలో ముద్ద కట్టింది. లైపోమా అంటాం. వదిలేసినా ప్రమాదం లేదు. చాలామందికి వదిలేయమనే చెప్తాను."

"నూనెలు రాసినాను, ఆకులు కట్టినాను. తగ్గనేదు బాబూ."

"వాటికి తగ్గదు. మాత్రలకీ తగ్గదు."

బంగారమ్మ ముందుకి వంగింది. "ఇంజక్షనుతో కరిగించేత్తారంట గదా?"

"కొంచెం చిన్నదవ్వొచ్చు. మొత్తం పోతుందని నేను మాటివ్వలేను. సన్న గొట్టం పెట్టి కొవ్వు లాగేసే పద్ధతి ఉంది. మచ్చ చిన్నది, కానీ లోపల కొంచెం మిగిలిపోతే మళ్ళీ పెరగొచ్చు. నీకు తాడు రోజూ దీని మీదే ఒరుసుకుంటోంది కాబట్టి, కోసి పొరతో సహా తీసేయడం మంచిది. గీతలాంటి మచ్చ ఉంటుంది. అరగంట పని. మెలకువగానే ఉంటావు."

"మెలకువగానా?" అన్నాడు ఎర్రయ్య. తుఫాను హెచ్చరికలు విన్న చెవులు ఆ ఒక్క మాటకి బెదిరిపోయాయి.

శుక్రవారం ఆపరేషన్. అప్పటిదాకా రోగి తల దగ్గర నిలబడి మాట్లాడే పని పిన్నిది. ఆ రోజు తను పరికరాలు అందించే వైపుకి వెళ్ళి, నన్ను తల వైపు నిలబెట్టింది. ఎర్రయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు విరిగిపోతాయనిపించింది. డాక్టరు గారు సూది తీశారు. పిన్ని మాస్కులోంచి "మాటాడవే" అంది. చివరికి నా నోట్లోంచి వచ్చింది: "భోంచేశారా?"

డాక్టరు గారు చెయ్యి ఆపి నవ్వారు. ఎర్రయ్య పాపం గంభీరంగా, "తిన్నానమ్మా," అని, "నువ్వు ఏ సేపలు తింతావమ్మా?" అని అడిగాడు.

"ఏవైనా ఒకటేనండి నాకు," అన్నాను.

మనిషి బల్ల మీంచి లేవబోయాడు. "అన్నీ ఒకటేనా! కోనానికీ కానాగంతకీ తేడా నేదేటి? సందువా ఎప్పుడైనా తిన్నావా? పండుగప్ప పులుసు?" అంటూ మొదలుపెట్టాడు. కోనాం ముక్క ఎంత మందాన కొయ్యాలి, మొప్పలు ఏ రంగులో ఉంటే కొనాలి, ఏ నెలలో ఏ చేప రుచి. కత్తి సంగతే మర్చిపోయాడు. డాక్టరు గారు పసుప్పచ్చటి ముద్దని తీసి చూపించేసరికి, దాన్ని కళ్ళు చికిలించుకుని చూసి, "ఓర్నాయనో, ఇది సేప కడుపులో గుడ్ల జెన నాగుంది!" అన్నాడు.

ముద్దని సీసాలో వేసి పరీక్షకి పంపాం. ఒట్టి కొవ్వేనని కాగితం వచ్చింది. కుట్లు విప్పించుకోవడానికి ఎర్రయ్య ఐసు ముక్కల మధ్య ఇంత పొడవు కోనాం పట్టుకొచ్చాడు. నా చేత మొప్పలు ఎత్తించి చూపించాకగానీ వదల్లేదు. రెండు వారాలు తాడు ముట్టుకోవద్దని డాక్టరు గారు చెప్తే, "నాను కాపలా ఉంతాను బాబూ," అంది బంగారమ్మ.

ఆ సాయంత్రం మెట్లు దిగుతూ పిన్ని నాతో అంది: "సూసినావా? నువ్వు పెద్ద మాటలేటీ మాటాడక్కర్నేదు. ఆళ్ళకి బాగా తెలిసిందేదో అడుగు. తెలిసింది సెప్తన్నప్పుడు మనిషికి బయముండదు." నేను ఆ ఒక్క వాక్యం పట్టుకుని బతికిపోయాను. దర్జీని కుట్టు గురించి అడిగాను, స్టీల్ ప్లాంట్ కార్మికుణ్ణి కొలిమి వేడి గురించి అడిగాను, ఇంట్లో ఉండే ఆవిడని ఆవకాయ గురించి అడిగాను. షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళని కూడా అడగడం మొదలుపెట్టాను. ఒకప్పుడు మాటలు రాని పిల్లని నేనే అంటే నేనుండే లేడీస్ హాస్టల్లో ఎవరూ నమ్మకుండా అయ్యారు.

ఇంక పిన్ని గడ్డ సంగతి. నేను చేరిన మూడో ఏట అది బాగా పెరిగింది. హ్యాండ్‌బ్యాగు పట్టీ ఒరుసుకుంటోంది, వెల్లకిలా పడుకోనివ్వడం లేదు. "ఇంక తీసేద్దాం నర్సమ్మా," అన్నారు డాక్టరు గారు. సరేనంది. శుక్రవారం వచ్చింది, మనవరాలి పరీక్షలంది. పై శుక్రవారం అమావాస్య అంది. ఆ పై శుక్రవారం, "ఇది తీసీత్తే కొత్తగా వచ్చిన పిల్లలు దేని మీద నేర్సుకుంతారు?" అంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. వెనక గదిలోకి వెళ్ళి చూస్తే, ఆకుపచ్చ గుడ్డ ఒకటి మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

"పిన్నీ, భయమా?"

"బయమేటే!" అంది. గుడ్డ కింద పెట్టలేదు. మెల్లగా, "పాతికేళ్ళు ఆ బల్ల పక్కన నిలబడ్డాను గానీ, దాని మీద ఎప్పుడూ పడుకోనేదు. నాది ఈపు మీదుంది. కత్తెక్కడుందో నాకు కనపడదు," అంది.

"నా చెయ్యి కనపడుతుంది కదా," అన్నాను.

మర్నాడే చేయించుకుంది. బోర్లా పడుకుని, మొహం పక్కకి పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ గదిలో ఎన్నడూ నోరు మూయని మనిషి ఊపిరి కూడా వినపడకుండా పడుకుంటే, డాక్టరు గారికే ఏమీ తోచలేదు. సూది గుచ్చినప్పుడు "అబ్బా" అని ఒక్కసారి అంది. నేను వంగి, ఆవిడకి బాగా తెలిసిన విషయమే అడిగాను.

"పిన్నీ, నేను చేరిన కొత్తలో ఎలా ఉండేదాన్ని?"

ఒక కన్ను తెరిచింది. "ఎలగున్నావా? తడిసిన కోడిపిల్ల నాగున్నావు," అంది. "గుడ్ మార్నింగ్ అన్నా ఎవులికీ వినపడ్నేదు. ఆ సేపలాయన్ని బల్ల మీద పడుకోబెట్టి బోంచేసారా అని అడగనేదేటే నువ్వు?" అని నా గొంతు పెట్టి అనుకరించింది. తన మాటకి తనే నవ్వడం మొదలుపెట్టింది. నేనూ ఆపుకోలేకపోయాను. బల్ల ఊగుతోంది. "నర్సమ్మా, కదిలావంటే చెవి కోసేస్తాను!" అని కేకేశారు డాక్టరు గారు, తనూ నవ్వుతూనే. కింద షాపులో ఊచలు ధన్‌మని పడ్డాయి. ఎవరం పట్టించుకోలేదు.

అయ్యాక లేచి కూర్చుని, సీసా అడిగి చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా! దీనికేటే నాను మూడు శుక్రవారాలు అబద్దాలాడినాను?" అంది. అప్పటిదాకా నవ్వుతున్న మొహం కొంచెం ఆలోచనలో పడింది. "సూది మండుతాదే," అంది నాతో. "ఇన్నాళ్ళూ అందరికీ నొప్పేటీ ఉండదమ్మా అని సెప్పినాను. తప్పు సెప్పినాను. తిమ్మిరెక్కేదాకా మండుతాది. పది లెక్కెట్టేసరికి పోతాది. ఇకనించీ అదే సెప్పాల." అరవైకి దగ్గరపడ్డ మనిషి, పాతికేళ్ళుగా వేలమందికి చెప్పిన మాటని, వీపు మీద కుట్లు ఆరకముందే మార్చుకుంది. సోమవారం మొదటి రోగికి కొత్త మాటే చెప్పింది.

పిన్ని ఇప్పుడు పనిమానేసి పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటోంది. ఫోను చేస్తే నా సంగతులు పది నిమిషాలు, వాళ్ళ వీధి సంగతులు గంట. నేను మధురవాడకి వచ్చి ఏళ్ళయింది. ఇక్కడి ఆపరేషన్ గది పెద్దది, యంత్రాలు ఎక్కువ, చుట్టూ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పిల్లలు. పోయిన వారం అలాంటి ఒకమ్మాయి ముంజేతి మీద గడ్డ తీయించుకోవడానికి వచ్చింది. ఫోన్లో చదవాల్సినవన్నీ చదువుకునే వచ్చింది. అయినా బల్ల మీద పడుకున్నాక నా వైపు చూసి, చిన్నపిల్లలా అడిగింది: "నొప్పి వస్తుందా అండీ?"

అరచేతులు రుద్దుకుని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. "వస్తుందమ్మా. సూది గుచ్చినప్పుడు మండుతుంది. పది లెక్కపెట్టు, పోతుంది," అన్నాను.

కళ్ళు గట్టిగా మూసుకుని పైకే లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగి, కళ్ళు తెరిచి, నవ్వింది.